మన రక్తం, వాళ్ల రక్తం: రక్త వర్గాలు చెప్పే నిజం



మన సంఘం తరపున రక్తదాతల పేర్లు రాసే నోటు పుస్తకం కొన్నేళ్లుగా మా దగ్గరే ఉంటోంది. బడిలో జీవశాస్త్రం చెబుతాం కనుక పెద్దలు ఆ పని మాకు అప్పగించారు. ఒకనాటి రాత్రి ఇషా నమాజు అయ్యాక ఒక పెద్దాయన ఫోను చేశారు. కూతురికి కాన్పు అయింది, రక్తం చాలా పోయింది. ఆసుపత్రిలో ఉన్న ఒక్క యూనిటూ ఎక్కించారు, ఇంకొకటి కావాలి. గ్రూపు బి నెగటివ్. "మాస్టర్ సాబ్, మనవాళ్లలో ఎవరైనా ఉంటే చూడండి" అన్నారు. 'మనవాళ్లలో' అన్న మాటను కాస్త నొక్కి అన్నారు.

పుస్తకం తిరగేస్తే బి నెగటివ్ పేర్లు రెండే ఉన్నాయి. ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. రెండో ఆయన రక్తం ఇచ్చి నెల కూడా కాలేదు. చివరికి మాతో పనిచేసే లెక్కల మాస్టారు తన వీధిలో ఉండే ఒక కుర్రాణ్ణి పంపారు. నల్ల బట్టలతో, అయ్యప్ప మాలలో ఉన్నాడు. పరీక్షలన్నీ అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. రక్తం సరిపోయింది. అతను బయటి వంట తినను అని చెప్పి, ఒక అరటిపండు తిని వెళ్లిపోయాడు. అల్లా దయవల్ల తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి చేరారు.

వారం తర్వాత ఆ పెద్దాయన మా ఇంటికి వచ్చారు. ఒక సందేహం ఆయనను వదలడం లేదు. "నా కొడుకులు ఇద్దరూ ఆ రాత్రి చేతులు చాపి నిలబడ్డారు. ఒక్కరిదీ పనికిరాలేదు. సొంత అన్నదమ్ముల రక్తం కలవనిది, ముక్కూ మొహం తెలియని పిల్లవాడిది ఎలా కలిసింది?"

ఇది మంచి ప్రశ్న. నిజానికి నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తలు దీని చుట్టూనే తిరిగారు. రక్త వర్గాలు దేశదేశానికీ ఎందుకు మారతాయి? ఆ తేడాలు మనుషులను వేరు వేరు జాతులుగా విడదీస్తాయా? రక్తదానంలో ఆ తేడాలకు ఎంత విలువ ఇవ్వాలి? మాకు తెలిసినంతలో ఈ వార్షిక సంచిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాము.

రక్త వర్గం అంటే ఏమిటి?

ఎర్ర రక్తకణం పైపొర మీద సన్నని చక్కెర గొలుసులు ఉంటాయి. షుగరు జబ్బుకూ ఈ చక్కెరకూ సంబంధం లేదు. దాదాపు మనుషులందరిలోనూ ఈ గొలుసుకు ఒకే మూలరూపం ఉంది. దాన్ని 'హెచ్' అంటారు. కొందరిలో ఆ గొలుసు చివర ఒక రకం చక్కెర అతుక్కుంటుంది, వాళ్లది ఏ వర్గం. కొందరిలో గెలాక్టోజ్ అనే మరో చక్కెర అతుక్కుంటుంది, వాళ్లది బి వర్గం. రెండూ ఉన్నవాళ్లు ఏబి. ఏదీ అతుక్కోక మూలరూపం అలాగే మిగిలినవాళ్లు ఓ. మనుషుల మధ్య పెద్ద గోడలా అనిపించే తేడా ఇంతే: గొలుసు చివర ఒక చక్కెర.

మన రక్తద్రవంలో ప్రతిరక్షకాలు ఉంటాయి. మనలో లేని చక్కెర గల రక్తకణం లోపలికి వస్తే అవి దానిమీద విరుచుకుపడతాయి. బి వర్గం వాళ్లకు ఏ రక్తం ఎక్కిస్తే కణాలు గుంపులుగా గట్టిపడి, పగిలి, ప్రాణం మీదికి వస్తుంది. 1901లో వియన్నా నగరంలో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే వైద్యుడు తన రక్తాన్నీ, తన సహచరుల రక్తాన్నీ కలిపి చూసి ఈ రహస్యం బయటపెట్టాడు. అంతవరకూ రక్తం ఎక్కిస్తే కొందరు బతికేవారు, కొందరు చనిపోయేవారు, ఎందుకో తెలిసేది కాదు. ఈ పనికి 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజైన జూన్ 14ను ఇప్పుడు ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుతున్నారు.

1940లో లాండ్‌స్టైనర్, వీనర్ కలిసి ఆర్‌హెచ్ అనే మరో గుర్తును వెల్లడించారు. మనం పాజిటివ్, నెగటివ్ అనేది దీన్నిబట్టే. ఈ రెండే కాదు, ఇప్పటికి నలభైకి పైగా రక్తవర్గ వ్యవస్థలను శాస్త్రం గుర్తించింది. డఫీ, కెల్, కిడ్ వంటివి వాటిలో కొన్ని. మామూలుగా మన కార్డు మీద ఏబిఓ, ఆర్‌హెచ్ మాత్రమే రాస్తారు కనుక మిగతావి మనకు తెలియవు.

అన్నదమ్ములది ఎందుకు కలవలేదు?

ఏబిఓ వర్గాన్ని నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రి నుంచి ఒక ప్రతి, తల్లి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఏ గానీ బి గానీ పక్కన ఉంటే ఓ బయటపడదు, దాగి ఉంటుంది. ఆర్‌హెచ్‌లో కూడా అంతే. పాజిటివ్ పక్కన నెగటివ్ దాగి ఉంటుంది.

ఆ పెద్దాయనది ఏ పాజిటివ్, ఆయన భార్యది బి పాజిటివ్. ఇద్దరిలోనూ ఓ దాగి ఉంది, ఇద్దరిలోనూ నెగటివ్ దాగి ఉంది. అలాంటి దంపతులకు ఏ, బి, ఏబి, ఓ నాలుగింటిలో ఏ వర్గం పిల్లలైనా పుట్టవచ్చు. నలుగురిలో ఒకరి చొప్పున నెగటివ్ కావచ్చు. వారి పెద్ద కొడుకు ఏ పాజిటివ్, చిన్న కొడుకు బి పాజిటివ్, కూతురు బి నెగటివ్. ఒకే తల్లి కడుపున పుట్టినా ముగ్గురూ ఎక్కించుకునే లెక్కలో వేరు వేరు. ఈ విషయం కాగితం మీద గడులు గీసి చూపించాక ఆయన చాలాసేపు ఆ కాగితం వంకే చూశారు.

ఈ లెక్క తెలియక కొన్ని కుటుంబాల్లో అనవసరమైన అనుమానాలు పుడుతుంటాయి. తల్లిదండ్రులది ఏ, బి అయినప్పుడు బిడ్డది ఓ కావడం వింత కాదు. ఇద్దరూ పాజిటివ్ అయినా బిడ్డ నెగటివ్ కావచ్చు. ఇలాంటి మాట చెవిన పడితే మన సంఘ పెద్దలు వెంటనే సర్దిచెప్పాలని మా మనవి.

సలోనికాలో సైనికుల వరుస

ఇక దేశాల మధ్య తేడాల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో గ్రీసు దేశపు సలోనికా రేవు పట్టణానికి ఎన్నో దేశాల సైన్యాలు చేరాయి. ఆంగ్లేయులు, ఫ్రెంచివారు, సెర్బులు, ఆఫ్రికా సైనికులు, బ్రిటిషు సైన్యంలోని మన భారతీయులు, అందరూ అక్కడే. సెర్బియా సైన్యానికి వైద్యసేవ చేస్తున్న లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్, హన్నా హిర్ష్‌ఫెల్డ్ దంపతులు పోలండుకు చెందినవారు. రక్త వర్గాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఒక పద్ధతి ప్రకారం వస్తాయని 1910లోనే వాన్ డంగెర్న్ అనే శాస్త్రవేత్తతో కలిసి చూపించినవాడు ఈ లుడ్విక్. దంపతులిద్దరూ 16 సమూహాలకు చెందిన 8,000 మందికి పైగా రక్తం పరీక్షించి, 1919లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు.

వారి లెక్కలో ఆంగ్లేయులలో వందకు సుమారు 43 మంది ఏ వర్గం, 7 మంది మాత్రమే బి. భారతీయులలో ఇది తిరగబడింది. ఏ వర్గం 19, బి వర్గం 41. పడమటి నుంచి తూర్పుకు వచ్చేకొద్దీ ఏ తగ్గుతూ, బి పెరుగుతూ వచ్చింది. ఒకే మనిషి జాతిలో రక్తవర్గాల పాళ్లు ప్రాంతాన్నిబట్టి మారతాయని లోకానికి మొదటిసారి అంకెలతో తెలిసింది.

అయితే ఈ అంకెల నుంచి ఒక పొరపాటు పుట్టింది. ఏ ఒక మూల జాతిదీ, బి మరో మూల జాతిదీ అయి ఉంటాయని, రెండూ కలిసి నేటి మనుషులు ఏర్పడ్డారని హిర్ష్‌ఫెల్డ్ దంపతులు ఊహించారు. వారికి ద్వేషం లేదు, అది కేవలం ఒక ఊహ. కానీ ఆ తర్వాత జర్మనీలో జాతి గొప్పలు చెప్పుకునేవారు దీన్ని పట్టుకున్నారు. ఏ వర్గం తమదని, బి వర్గం తూర్పువారిదని, తక్కువదని రాతలు రాశారు. యూదు కుటుంబంలో పుట్టిన హిర్ష్‌ఫెల్డ్‌నే నాజీలు 1941లో వార్సా నగరపు ఘెట్టోలోకి తోశారు. అక్కడ ఆయన టైఫస్ జ్వరంతో పోరాడుతూ, విద్యార్థులకు వైద్యపాఠాలు చెబుతూ గడిపారు. తర్వాత తప్పించుకుని అజ్ఞాతంలో బతికారు. ఒక్కగానొక్క కూతురు ఆ రోజుల్లోనే చనిపోయింది. రక్తవర్గాల లెక్కను లోకానికి ఇచ్చిన మనిషికి రక్తం పేరుతోనే ఇంత అన్యాయం జరిగింది. విద్యార్థులకు ఈ కథ చెప్పినప్పుడల్లా మా గొంతు కాస్త తగ్గుతుంది.

పాళ్లు ఎందుకు మారతాయి?

అప్పటి నుంచి ఇప్పటివరకు లోకమంతటా కోట్ల మందికి పరీక్షలు జరిగాయి. కొన్ని విషయాలు స్థిరపడ్డాయి. బి వర్గం మధ్య ఆసియాలోనూ ఉత్తర భారతంలోనూ ఎక్కువ. దక్షిణ అమెరికా ఆదివాసులలో దాదాపు అందరూ ఓ వర్గమే. మన తెలుగు ప్రాంతాల్లో సాధారణంగా ఓ ముందు, దాని వెనుక బి, ఆ తర్వాత ఏ, చివర ఏబి. ఆర్‌హెచ్ నెగటివ్ ఐరోపాలో వందకు సుమారు 15 మంది, స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దులోని బాస్కు ప్రజల్లో ఇంకా ఎక్కువ, మన దేశంలో సుమారు 5, చైనా, జపానులలో ఒకటి కూడా ఉండదు.

దీనికి రెండు పెద్ద కారణాలు చెబుతారు. మొదటిది రోగాలు. డఫీ అనే గుర్తు ఉదాహరణగా చూడండి. వైవాక్స్ రకం మలేరియా క్రిమి ఎర్రకణంలోకి దూరడానికి ఈ డఫీని గడపలా వాడుకుంటుందని 1976లో లూయీ మిల్లర్ బృందం చూపించింది. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరి ఎర్రకణాల మీదా ఆ గడపే లేదు. అందుకే అక్కడ ఆ రకం మలేరియా చాలా అరుదు. ఆ మార్పు ఉన్నవారు తరతరాలుగా బతికి బట్టకట్టారు, వారి సంతానమే నిండింది. అలాగే ఓ వర్గం వారికి ఫాల్సిపేరం మలేరియా ముదరడం తక్కువ. అదే ఓ వర్గం వారికి కలరా సోకితే తీవ్రంగా వస్తుందని బంగ్లాదేశ్ అధ్యయనాలు తెలిపాయి. ఒక చోట మేలు చేసినది మరో చోట కీడు చేస్తుంది. ఏ వర్గమూ గొప్పదీ కాదు, తక్కువదీ కాదు.

రెండో కారణం వలసలు, యాదృచ్ఛికం. వెయ్యి కుటుంబాల ఊరి నుంచి పది కుటుంబాలు బయలుదేరి కొత్త చోట గుడిసెలు వేసుకున్నాయనుకోండి. ఆ పదింటిలో బి వర్గం లేకపోతే వారి మనుమలలో కూడా బి దాదాపు ఉండదు. దక్షిణ అమెరికాలో ఓ ఒక్కటే నిండిపోవడానికి ఇలాంటి చిన్న గుంపుల ప్రయాణం ఒక కారణమని భావిస్తారు.

యాస లాంటి తేడా

ఇప్పుడు అసలు ప్రశ్న. పాళ్లు మారుతున్నాయి కనుక మనుషులు వేరు వేరు జాతులేనా?

శ్రీకాకుళం నుంచి బయలుదేరి రాజమండ్రి, గుంటూరు, నెల్లూరు మీదుగా చిత్తూరు దాకా రండి. యాస మారుతూనే ఉంటుంది. శ్రీకాకుళం మాటకూ చిత్తూరు మాటకూ ఎంతో తేడా. కానీ ఫలానా ఊరి పొలిమేరలో ఆ యాస ముగిసింది, ఈ యాస మొదలైంది అని రాయి పాతగలమా? రక్తవర్గాలు కూడా అలాగే కొద్దికొద్దిగా మారతాయి. ఎక్కడా గోడ లేదు. ఇంగ్లండులోనూ బి ఉంది, మన ఊళ్లోనూ ఏ ఉంది. ఎంతమందిలో అన్నదే తేడా.

1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని లెక్క కట్టి చూశాడు. రక్తవర్గాలు, రక్తంలోని ప్రొటీన్లు కలిపి 17 రకాల జన్యువుల వివరాలు తీసుకున్నాడు. మనుషులందరి మధ్య ఉన్న జన్యుభేదాన్ని వంద పాళ్లనుకుంటే అందులో సుమారు 85 పాళ్లు ఒకే జనసమూహం లోపలే, అంటే ఒకే ఊరి ఇరుగుపొరుగు మధ్యే ఉన్నాయని తేలింది. మనం జాతులు అని పిలిచే పెద్ద గుంపుల మధ్య తేడా ఆరు పాళ్లు మాత్రమే. పక్కింటి మనిషికీ మనకూ ఉన్న తేడాయే పెద్దది, దేశం కాని దేశపు మనిషితో ఉన్న అదనపు తేడా చిన్నది.

ఇంకో ఆశ్చర్యం. ఏ, బి అనే ఈ భేదం మనిషి పుట్టకముందే ఉంది. గిబ్బన్లలోనూ ఇవే గుర్తులు ఉన్నాయని, ఈ భేదం కనీసం 2 కోట్ల ఏళ్ల నాటిదని 2012లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. మన మతాలూ భాషలూ వంశాలూ కొన్ని వేల ఏళ్లవి. అంత పాత గుర్తును తెచ్చి నిన్న మొన్న గీసిన గీతలకు సాక్ష్యంగా నిలబెట్టడం కుదరదు.

ఈ మాట పిల్లలకు నోటితో చెబితే నమ్మరు. అందుకని గుర్తింపు కార్డుల కోసం మా బడిలో రక్తపరీక్షలు జరిగిన ఏడాది ఒక పని చేశాము. ఒక తరగతి పిల్లల ఫలితాలను పేర్లు లేకుండా నల్లబల్ల మీద వరుసగా రాయించాము. ఓ పాజిటివ్, బి పాజిటివ్, ఏ పాజిటివ్, మళ్లీ ఓ పాజిటివ్, ఇలా. "ఇందులో ఎవరు హిందువు, ఎవరు ముస్లిం, ఎవరు క్రైస్తవులు, ఎవరిది ఏ కులం, చెప్పినవాళ్లకు పెన్ను బహుమతి" అన్నాము. పిల్లలు గుసగుసలాడారు, ఊహించారు, ఓడిపోయారు. పెన్ను ఇప్పటికీ మా సొరుగులోనే ఉంది.

ఈ పాఠం ఇతరులకే కాదు. మనలో మనమూ షేక్ అని, సయ్యద్ అని, పఠాన్ అని, దూదేకుల అని పేర్లు చెప్పుకుని పెళ్లి మాటల్లో ముఖం తిప్పుకునే ఇళ్లు ఉన్నాయి. ఆ నల్లబల్ల మీద వాటికీ చోటు దొరకలేదు.

అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో రెడ్‌క్రాస్ సంస్థ మొదట నల్లజాతి వారి రక్తం తీసుకోవడానికే నిరాకరించింది. 1942 నుంచి తీసుకున్నా వేరుగా ముద్ర వేసి, వేరుగా నిల్వ చేసింది. శాస్త్రంలో దానికి ఆధారం లేదని రక్త నిల్వ పద్ధతులను తీర్చిదిద్దిన నల్లజాతి వైద్యుడు చార్లెస్ డ్రూ అప్పుడే గట్టిగా చెప్పారు. 1950 దాకా ఆ ముద్ర తీయలేదు. గాయపడిన సైనికుడికి సీసా మీది ముద్రతో పనేముంది?

తేడాను లెక్కలోకి తీసుకోవలసిన చోట్లు

ఇంత చెప్పాక, తేడాలే లేవు అనుకుంటే అదీ పొరపాటే. వైద్యంలో వాటికి చాలా విలువ ఉంది. దాతలుగా మనం నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఆర్‌హెచ్ నెగటివ్ తల్లులు. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంత తల్లిలోకి చేరి, ఆమె శరీరం దానికి ప్రతిరక్షకాలు తయారుచేసుకోవచ్చు. మొదటి బిడ్డకు సాధారణంగా ప్రమాదం ఉండదు, తర్వాతి బిడ్డల ఎర్రకణాలను అవి పగలగొడతాయి. దీన్ని ఆపే యాంటీ-డి సూది 1968 నుంచి వాడుకలో ఉంది. కాన్పు అయిన 72 గంటలలోపు ఇవ్వాలి. గర్భస్రావం అయినా డాక్టరును అడగాలి. మన దేశంలో వందకు అయిదుగురే నెగటివ్ కనుక చాలా ఇళ్లలో ఈ విషయం తెలియదు. పేద ఇంటి ఆడపడుచుకు ఆ సూది ఖర్చు భరించడం కూడా సదఖాయే.

రెండోది, బొంబాయి రక్త వర్గం. 1952లో ముంబయిలో వై.ఎం. భెండే బృందం దీన్ని కనుగొంది. వీరి కణాల మీద మనం చెప్పుకున్న మూలరూపం హెచ్ కూడా ఉండదు. మామూలు పరీక్షలో ఓ అని కనబడతారు, కానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. బొంబాయి వర్గం వారికి బొంబాయి వర్గం రక్తమే కావాలి. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరు ఉంటారు, ఐరోపాలో ఇంకా ఎంతో అరుదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపపు ప్రతులూ కలిస్తేనే ఇది వస్తుంది. దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లలో అలా కలిసే అవకాశం పెరుగుతుంది. తెలుగునాట మేనరికాలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. మనలో చిన్నాన్న, పెదనాన్న పిల్లల మధ్య కూడా నిఖాలు జరుగుతాయి. వద్దనడానికి మేము ఎవరం? ఆ అవకాశం పెరుగుతుందని తెలిసి, ఇంట్లో ఒకరికి ఈ వర్గం ఉందని తేలితే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములందరూ పరీక్ష చేయించుకోవాలని మాత్రం చెబుతున్నాము.

మూడోది, పదేపదే రక్తం ఎక్కించుకునేవారు. తలసీమియా పిల్లలకు రెండు, నాలుగు వారాలకొకసారి రక్తం కావాలి. అన్నిసార్లు ఎక్కించినప్పుడు కెల్, కిడ్, డఫీ వంటి చిన్న గుర్తులకు కూడా శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. అప్పుడు సరిపోయే రక్తం దొరకడం కష్టమవుతుంది. 1990లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎక్కువగా తెల్లజాతి దాతల రక్తం పొందిన నల్లజాతి సికిల్ సెల్ రోగులలో వందకు 30 మందిలో ఇలాంటి ప్రతిరక్షకాలు కనబడ్డాయి. అలాగే రక్తం ఎక్కించుకుంటున్న ఇతర రోగులలో అవి 5 మందిలోనే. కారణం, ఆ చిన్న గుర్తుల పాళ్లు రెండు సమూహాల్లో వేరుగా ఉండడం. దీనికి పరిష్కారం దాతలను వేరు చేయడం కాదు, అన్ని సమూహాల నుంచీ దాతలను పెంచడం. ఏ సమూహం వెనుకబడి కూర్చున్నా ఎక్కడో ఒక బిడ్డకు సరిపోయే సంచి దొరకదు.

నాలుగోది చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. సొంతవాళ్ల రక్తమే అన్నిటికన్నా మేలు అని మనం అనుకుంటాం. తండ్రి, తల్లి, అన్నదమ్ముల వంటి దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలు కొన్నిసార్లు రోగి శరీరంలో పరాయివిగా గుర్తింపబడక, అక్కడే స్థిరపడి రోగి కణాల మీదే దాడి చేస్తాయి. అరుదైనదే, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. అందుకే దగ్గరి బంధువు రక్తం వాడవలసి వస్తే ముందు రేడియేషన్ ఇచ్చి వాడాలి. ఈ ఒక్క విషయంలో ముక్కూ మొహం తెలియనివాడి రక్తమే భద్రం. ఆ పెద్దాయన ప్రశ్నకు ఇది చివరి జవాబు.

మన పుస్తకం లెక్క

ఇప్పుడు మన సంఘం సంగతి. మన ప్రాంతంలో వందకు సుమారు 30 మంది బి వర్గం, వందకు 5 మంది నెగటివ్ అనుకుంటే, బి నెగటివ్ వందలో ఒకరిద్దరే. రెండు వందల పేర్లున్న పుస్తకంలో ముగ్గురు. వారిలో ఒకరు ఊళ్లో ఉండరు, ఒకరికి జ్వరం, ఒకరు ఇటీవలే ఇచ్చి ఉంటారు. ఆ రాత్రి జరిగింది దురదృష్టం కాదు, లెక్క ప్రకారమే జరిగింది. మన పుస్తకంలో మనవాళ్ల పేర్లే ఉన్నంతకాలం మళ్లీ జరుగుతుంది.

అందుకే ఈ ఏడు నుంచి పుస్తకం మార్చాలని నిర్ణయించాము. మొదటి మార్పు, ఏ మతం, ఏ వీధి అయినా ఇష్టపడ్డ ప్రతివారి పేరూ రాస్తాము. మన మనుషుల పేర్లు కూడా ఊళ్లోని మిగతా సంఘాల జాబితాల్లోకి ఇస్తాము. రెండో మార్పు, రక్తం అవసరమైన రాత్రి కాకుండా ముందే ఇచ్చే అలవాటు చేయాలి. 18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి. మీలాద్ నాడు ఒక్కరోజే వందమంది ఇచ్చి, ఏడాదంతా ఊరుకుంటే చాలదు, ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవ ఉండవు. ఏడాది పొడవునా నెలకు పదిమంది ఇస్తే ఎక్కువ ప్రాణాలకు పనికివస్తుంది.

మూడో మార్పు, దాతకు డబ్బు ఇవ్వరాదు, రోగి వారి దగ్గర తీసుకోరాదు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మడం మన దేశంలో నిషిద్ధం. ధనసహాయం చేయదలచిన దాతలు ఆ సొమ్మును తలసీమియా పిల్లల పరీక్షలకు, నెగటివ్ తల్లుల సూదులకు, దాతల రాకపోకలకు కేటాయించమని చెప్పవచ్చు. నాలుగో మార్పు, ఒకసారి అరుదైన వర్గం అని తేలినవారి పేరు ఎర్ర సిరాతో రాసి, జిల్లా రక్తనిధికి వారి అనుమతితో తెలియజేస్తాము.

తెగలూ జాతులూ ఎందుకున్నాయో మనకు చిన్ననాడు మదర్సాలోనే నేర్పారు. ఒకరికొకరు పరిచయం కావడానికి, ఒకరిమీద ఒకరు పెద్దరికం చూపుకోవడానికి కాదు. నూరేళ్ల రక్తపరీక్షలు కూడా ఆ మాటనే తమ అంకెల్లో చెబుతున్నాయి.

ఆ పెద్దాయన మొన్న వచ్చి పుస్తకంలో తన ఇద్దరు కొడుకుల పేర్లూ రాయించారు. "ఎవరికి కావాలన్నా పిలవండి" అన్నారు. ఈసారి ఏ మాటనూ నొక్కలేదు. ఆ పేజీకి ముందు పేజీలో అయ్యప్ప మాలలో వచ్చిన కుర్రాడి పేరు ఉంది. పేరు పక్కన గడులు మూడే: రక్త వర్గం, ఫోను నంబరు, చివరిసారి ఇచ్చిన తేదీ. ఆ తేదీకి మూడు నెలలు దాటాయి. అతను మళ్లీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. మీరు కూడా మీ పేరు రాయించగలరని ఆశిస్తున్నాము.